దణ్ణం పెట్టి అడిగిన వెబ్‌సైట్

ఎందుకు రాస్తున్నాను

నేను ప్లాన్ చేసిన వెబ్‌సైట్లలో ఇవాళ తెరుచుకునేవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కొన్నిటిని యజమానులే మూసేశారు. కొన్ని పట్టించుకునేవాళ్ళు లేక వాటంతట అవే పోయాయి. మరికొన్నిటిని వేరేవాళ్ళు తిరగరాసి, నేను వద్దని తీయించినవన్నీ మళ్ళీ పెట్టుకున్నారు. తాపీమేస్త్రి ముసలితనంలో వీధిలో నడుస్తూ ఇది నేను కట్టిన గోడ అని చెయ్యి చూపించగలడు. మా పనిలో ఆ సుఖం లేదు. పోయిన సైటు పోయినట్టే, పునాది రాళ్ళు కూడా మిగలవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. అమలాపురంలో మా పాత ఆఫీసు ఉన్న మేడమీదే ఇప్పుడు కంప్యూటర్ కోర్సు నడుస్తోంది. అక్కడ నేర్చుకునేవాళ్ళు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ ఇంటికి వస్తారు. "మేడమ్, ఏ టూల్ నేర్చుకోమంటారు?" అని అడుగుతారు. చెబుతాను. వాళ్ళు నేర్చుకునేలోపే అది పాతబడిపోతుంది. మనం పెట్టే బటన్ నొక్కేది ఎవరు, నొక్కేటప్పుడు వాళ్ళు ఎక్కడుంటారు, నొక్కాక వాళ్ళకేమవుతుంది అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఓపిక కావాలి. నాకు ఉన్న ఓపిక తరిగిపోతోంది. పూర్తిగా అయిపోకముందే రాసేయాలి.

ప్రమోషన్లు, సన్మానాలు ఇందులో ఉండవు. మా ఆఫీసులో ప్రమోషన్ అంటే ఫ్యాను కింద కుర్చీ. అది నాదాకా వచ్చేసరికి ఏసీ పెట్టించి ఫ్యాను తీసేశారు.

లైబ్రరీలో దొరికిన చదువు

పెళ్ళి శుభలేఖలు టైపు చేసే డీటీపీ సెంటరులో నా ఉద్యోగం మొదలైంది. ఇంటర్మీడియట్ తర్వాత కాలేజీ మెట్లు ఎక్కలేదు. నా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే సాగింది. అక్కడ లైబ్రేరియన్ విశాలాక్షిగారు. పని అయ్యాక సాయంత్రం వెళ్ళి ఒకరోజు అడిగాను.

"వెబ్‌సైట్లు ఎలా కట్టాలో పుస్తకం ఏమైనా ఉందాండీ?"

ఆవిడ అలమారాల వైపు చూసి, కళ్ళజోడు సవరించుకుని, "అది లేదమ్మా. ఇల్లు ఎలా కట్టాలో ఉంది. పట్టుకెళ్తావా?" అన్నారు.

పట్టుకెళ్ళాను. అట్ట ఊడిన పాత పుస్తకం. గుమ్మం ఎంత వెడల్పు ఉండాలి, మెట్టు ఎంత ఎత్తుంటే ముసలివాళ్ళకు మోకాలు నొప్పి పెట్టదు, వెలుగు ఎటునుంచి వస్తుంది, వంట చేసే మనిషి ఎన్నిసార్లు నీళ్ళకోసం లేవాలి, ఇలాంటి సంగతులన్నీ అందులో బొమ్మలతో ఉన్నాయి. ఇల్లు కట్టేవాడు ముందు ఆ ఇంట్లో ఉండబోయే మనుషుల్ని లెక్కలోకి తీసుకోవాలని, గోడలు ఆ తర్వాతేనని నాకు అర్థమైంది. తర్వాత మా రంగం మీద ఇంగ్లీషు పుస్తకాలు చాలా చదివాను, నిఘంటువు ఒడిలో పెట్టుకుని. వాటిలో కొత్త పదాలు దొరికాయి. విషయం మాత్రం ఆ అట్టలేని పుస్తకంలో ఉన్నదే. గొప్ప చెప్పుకోవడం లేదు అని రాయాలి గాని, నిజం చెప్పాలంటే కొంచెం గొప్పగానే చెప్పుకుంటున్నాను. పెద్ద కాలేజీల్లో చదివి వచ్చినవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు నాకు ఆసరాగా ఉన్నది ఆ లైబ్రరీ కార్డే.

సుబ్బరాజుగారి వెబ్ ఆఫీసులో చేరాక రాతకోతలు, లెక్కలు నాకు అప్పజెప్పలేదు. కోడ్ రాసేవాళ్ళు వేరు. సైటులో ఏది ముందు కనపడాలి, ఏది తర్వాత రావాలి, ఏది అసలు అడగకూడదు అని తేల్చడం నా పని. సుబ్బరాజుగారు మంచివారు. క్లయింటుకు ఎదురు చెప్పాల్సి వస్తే మాత్రం ఆయనకు తలనొప్పి వచ్చేది. నిజంగానే వచ్చేది. సొరుగులో మాత్రలు ఉండేవి. ఆ మాత్రలు చాలావరకు నావల్లే ఖర్చయ్యాయని ఆయన అంటుండేవారు.

తువ్వాలు కింద ఫోను

మొదట్లో మేం రొయ్యల రైతులకు ఒక సైటు చేశాం. చెరువు నీళ్ళు పరీక్షకిస్తే ఫలితం ఫోనులో కనపడాలి. ఏసీ గదిలో, తెరలు వేసుకుని, లేత నీలం అక్షరాలతో ముచ్చటగా తయారు చేశాం. అందరం చూసి మురిసిపోయాం. అది చూపించడానికి నేను కాట్రేనికోన వైపు ఒక చెరువు గట్టుకు వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. రైతు వెంకన్నగారు ఫోను అందుకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు. చివరికి భుజం మీది తువ్వాలు తీసి తలా ఫోనూ కలిపి కప్పేసుకున్నారు.

తువ్వాలు లోపలినుంచి గొంతు వినపడింది. "ఆయ్! చాలా బాగుందండీ!"

"కనపడుతోందాండీ?"

"ఆయ్!"

"ఏం రాసి ఉందండీ?"

ఆయన తువ్వాలు తీసి, "మీరు ఇందాకటినుంచి ఎండలో నుంచున్నారు. ముందు కొబ్బరిబొండం తాగండి" అన్నారు.

బొండం తాగుతూ ఆలోచించాను. మా ప్రాంతంలో ఇంటికి వచ్చిన మనిషి తెచ్చిన వస్తువు బాగోలేదని ఎవరూ అనరు. మొహమాటం అని తేలిగ్గా తీసేయకండి, అది మా పెంపకం. కాదు అనడం వచ్చినవాళ్ళని గుమ్మంలోంచి తిప్పి పంపినట్టు అనిపిస్తుంది మాకు. నేనూ అలా పెరిగినదాన్నే. అప్పటిదాకా "బాగుందా?" అని అడిగి, "ఆయ్" అంటే అవునని రాసుకుని వచ్చేసేదాన్ని. ఆ రోజు నుంచి అడగడం మానేశాను. చేతికి ఫోను ఇచ్చి పక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టాను. చెయ్యి ఎక్కడ ఆగుతోంది, కళ్ళు ఎక్కడ చిట్లిస్తున్నారు, ఎప్పుడు మాట మార్చి బొండం తాగమంటున్నారు అని గమనించేదాన్ని.

ఆ సైటుని తెలుపు మీద నల్లటి లావు అక్షరాలతో, తడి వేళ్ళకు అందేంత పెద్ద బటన్లతో మళ్ళీ చేశాం. సుబ్బరాజుగారు చూసి, "ఏంటండీ శారదగారూ, బస్సు బోర్డులా ఉంది" అన్నారు.

"బస్సు బోర్డు చదవలేక ఎవరైనా బస్సు తప్పిపోయేరాండీ?" అన్నాను. ఆయన సొరుగు తెరిచారు.

రాజోలు నుంచి వచ్చిన పని

నేను అసలు చెప్పాలనుకున్నది ఈ పని గురించి.

వీరభద్రంగారిది రాజోలు. గల్ఫ్ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెన్సీ నడిపేవారు. ఒకప్పుడు తనూ అక్కడ డ్రైవరుగా చేసి వచ్చినవారే. తెల్ల చొక్కా, గంధం బొట్టు, ఎదురుపడినవాళ్ళు ఎంత చిన్నవాళ్ళైనా ముందు తనే చేతులు జోడించేవారు. ఆయన దుర్మార్గుడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గోదావరి లంకల్లోంచి, సముద్రం ఒడ్డునుంచి ఆడవాళ్ళు ప్రతి చిన్నదానికీ బస్సెక్కి రాజోలు రాకుండా, ఇంట్లోంచే ఫోనులో దరఖాస్తు చేసుకునేలా సైటు కావాలన్నారు. మంచి ఆలోచన. నాకు నచ్చింది.

ఆయన పెట్టిన కోరికలు మూడు. ప్రతి ప్రశ్న పక్కనా ఆయన చేతులు జోడించి నవ్వుతున్న ఫొటో ఉండాలి. "మన మర్యాద కనపడాలండీ" అన్నారు. షరతులు మేం టైపు చెయ్యక్కర్లేదు, తన దగ్గరున్న కాగితం ఫొటో తీసి ఇస్తారు, అదే పెట్టాలి. ఆఖరుగా, "అమ్మా, ఏ పని ఇచ్చినా, ఏ ఊళ్ళో ఇచ్చినా సమ్మతమేనా?" అనే ప్రశ్నకు "సమ్మతమే" అని పెద్ద ఆకుపచ్చ బటన్ ఉండాలి. "కాదు" అనేది కింద చిన్నగా ఉంటే చాలు.

"అక్కడ పనిచేసే ఇల్లు మారిపోతూ ఉంటదండీ. మారినప్పుడల్లా వీళ్ళ చుట్టూ తిరిగి ఒప్పించాలంటే నావల్ల అవుద్దాండీ?" అన్నారు.

ఆ బటన్ల మీద నాకు అనుమానం వచ్చింది. ఫొటో మీద రాలేదు. పెద్దాయన సరదా, పోనిద్దాం అనుకున్నాను. కట్టేముందు దీన్ని వాడబోయే ఒకరికి చూపిస్తానని పట్టుబట్టాను. ఆయనే ఒక పేరు ఇచ్చారు. కాట్రేనికోన దాటాక సముద్రం వైపు ఉన్న పల్లెలో మంగతాయారు. భర్త వేరేవాళ్ళ బోటు మీద వేటకు వెళతాడు. కువైట్ వెళ్ళాలని ఆమె అప్పటికే ఏజెన్సీకి వచ్చి అడిగి వెళ్ళింది.

బొమ్మ, బొమ్మ, బటన్

నేను వెళ్ళేసరికి మంగతాయారు వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. చేతులు చీర కొంగుకు తుడుచుకుని మడత కుర్చీ వేసింది. అరుగు మీద ఆమె అత్తగారు అప్పాయమ్మ కూర్చుని ఉంది. రెండు కళ్ళకూ పొరలు కమ్మి మనుషుల ఆకారాలే తెలుస్తాయి ఆవిడకు. ఆ ఇంట్లో పెత్తనం మాత్రం ఆవిడదే.

ఎలాంటి పని కావాలని మంగతాయారుని అడిగాను.

"వంట పనైతే చాలండీ. టౌన్లో ఇల్లయితే మా తోటికోడలు అక్కడే ఉంటది, సెలవు రోజు కలుసుకోవచ్చు. ఫోను మాత్రం నా చేతిలో ఉండాలండీ. పాప రోజూ నా మాట వినకపోతే అన్నం ముట్టదు."

ఆమె కోరింది అంతే. వంట పని, టౌను, చేతిలో ఫోను. అవి ఉంటే వెళుతుంది, లేకపోతే వెళ్ళదు. నా ఎదుటే అత్తగారితో కూడా అదే మాట అంది.

నమూనా సైటు తెరిచి ఫోను చేతికి ఇచ్చాను. "నేను లేననుకుని నింపమ్మా" అన్నాను. ఆమె చదవగలదు, నెమ్మదిగా, పెదాలు కదుపుతూ. ఒక్కొక్క పేజీ దాటింది. "ఏ పని ఇచ్చినా, ఏ ఊళ్ళో ఇచ్చినా" అన్న ప్రశ్న వచ్చింది. పెదాలు కదిలాయి. చదివింది. ఆకుపచ్చది నొక్కింది.

"అమ్మా, ఇప్పుడు దేనికి ఒప్పుకున్నావు?"

"ఏ పనైనా చేత్తానని అండీ."

"వంట పని తప్ప వద్దన్నావు కదా ఇందాక?"

"ఆయ్."

"మరి ఎందుకు నొక్కావు?"

ఆమె ఫోనులోని ఫొటో వైపు చూసి, గొంతు తగ్గించి, అక్కడ ఆయన వింటున్నాడేమో అన్నట్టు చెప్పింది. "అంత పెద్దాయన దణ్ణం పెట్టి అడుగుతుంటే కాదని ఎలా నొక్కుతామండీ? ఏం బాగుంటది?"

నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఈ సంగతి లేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు మా వీధుల్లో పెరిగినవాళ్ళు కారు.

ఇంతలో అప్పాయమ్మ అందుకుంది. "ఏం నొక్కేవే? ఆ ఫోను చేత నాకు చదివించు."

ఆవిడకోసం ఆ ఇంట్లో ఫోను పైకి చదివే ఏర్పాటు ముందే పెట్టుకున్నారు. వార్తలు అలాగే వింటుంది. మంగతాయారు షరతుల పేజీ తీసి వినిపించింది. ఫోను గొంతు సవరించుకున్నట్టు ఆగి చదివింది. "బొమ్మ. బొమ్మ. బటన్."

"ఇదేంటే? బాలశిక్ష చదివినట్టు బొమ్మ, బొమ్మ అంటది? షరతులు ఏవి?"

"బొమ్మలో ఉన్నాయి అత్తా. కాగితం ఫొటో తీసి పెట్టేరు. నాకూ అక్షరాలు కానరావట్లేదు, చీమల్లా ఉన్నాయి."

"బొమ్మలో ఉంటే నాకెలా వినపడతాయే? అమ్మగారూ, మీరు చదువుకున్నోళ్ళు కదా, గుడ్డిదానికి బొమ్మ చూపిస్తారాండీ?" అని నా వైపు తిరిగి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆ నవ్వు బస్టాండు దాకా కూడా నాతో రాలేదు.

చూపులేనివాళ్ళ కోసం ఏర్పాట్లు చెయ్యాలని నాకు అప్పటికే తెలుసు. చదివాను, నలుగురికీ చెప్పాను కూడా. కాని దాన్ని ఒక దయగా, పని అంతా అయ్యాక మిగిలిన వేళలో చేసే మేలుగా అనుకునేదాన్ని. ఆ వాకిట్లో వేరే సంగతి కనపడింది. ఆ ఇంట్లో మొహమాటం లేకుండా వద్దు అనగల మనిషి ఒక్కర్తే ఉంది. మా సైటు ఆవిడకు వినపడకుండా కట్టాం. ఒక ముసలావిడకి ఇబ్బంది, అంతే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. ఆ ఇంటికున్న జాగ్రత్తనే బయట నిలబెట్టాం.

సుబ్బరాజుగారి గదిలో

వీరభద్రంగారిని పిలిపించి నేను చెప్పాల్సింది చెప్పాను. షరతులు అక్షరాల్లో, ఫోను చదవగలిగేలా ఉండాలి. పని ఏమిటి, ఊరు ఏది, ఫోను ఉంచుకోనిస్తారా అన్నవి అన్నిటికంటే ముందు రావాలి. సమ్మతం, కాదు రెండూ ఒకే సైజు, ఒకే రంగు. ఫొటో మొదటి పేజీలో ఉండొచ్చు, ప్రశ్నల పక్కన మాత్రం వద్దు.

ఆయన మొదటి మూడూ విన్నారు. నాలుగోదానికి మొహం చిన్నబోయింది.

"దణ్ణం పెట్టడం కూడా తప్పేనాండీ?"

"తప్పు కాదండీ. మనవాళ్ళు దానికి కాదనలేరు."

"కాదనకపోతే మంచిదే కదండీ!" అని ఆయన నవ్వారు. సుబ్బరాజుగారూ నవ్వబోయి నన్ను చూసి ఆపుకున్నారు.

"మీరు మనిషిగా ఎదురుగా ఉంటే ఆవిడ మొహం చూసి మీకే తెలుస్తుందండీ, ఇష్టం లేదని. ఫొటోకి తెలీదు" అన్నాను.

ఆయన సుబ్బరాజుగారి వైపు తిరిగారు. "రాజుగారూ, నేను జనం రావాలని గుమ్మం కట్టమంటే, మీ మేడమ్‌గారు గుమ్మంలో వాచ్‌మన్‌ని నుంచోబెడుతున్నారు."

అయినా ఆ రోజు ఒప్పుకున్నారు. నేను గీసినట్టే సైటు తయారైంది. అప్పాయమ్మకు ఫోనులో వినిపిస్తే, "ఇప్పుడు మనిషి మాట్లాడినట్టుంది" అంది. కొన్ని నెలలు అలాగే నడిచింది. తర్వాత ఆయన సైటు తాళాలు, అంటే పాస్‌వర్డులు, తీసుకుని హైదరాబాదులో ఇంకెవరికో ఇచ్చుకున్నారు. ఒకరోజు తెరిచి చూస్తే ఫొటో ప్రతి ప్రశ్న పక్కకూ వచ్చేసింది. ఆకుపచ్చ బటన్ ముందుకంటే పెద్దదైంది. షరతులు మళ్ళీ బొమ్మ. అడుగున మా ఆఫీసు పేరు అలాగే ఉంది.

సుబ్బరాజుగారికి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. "కట్టి ఇచ్చేసేక అది ఆయన ఇల్లండీ శారదగారూ. కిటికీలు మూసుకుంటాడో, తెరుచుకుంటాడో..."

మా వృత్తిలో సగం ఇదే. ఒక మంచి పనిని ఒకసారి చేయించడానికి పోట్లాడతాం, అది నిలబడి ఉండేలా చూడటానికి మనకు తాళం ఉండదు. కొత్తలో కోపం వచ్చేది. తర్వాత తర్వాత నడుం నొప్పిలా అలవాటైంది. ఆ రోజు నేను నా కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాను.

వీసా వచ్చింది

ఆ తర్వాత ఒక ఉదయం మంగతాయారు, అప్పాయమ్మ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. కోడలి భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి, అత్తగారు పైకి వచ్చింది. మారిన సైటులో మంగతాయారు దరఖాస్తు పెట్టిందట, వీసా వచ్చిందని ఏజెన్సీ నుంచి కబురు చేశారట. వచ్చే వారమే ప్రయాణం. వంట పని కాదు, మంచం పట్టిన పెద్దాయనకు సేవ. ఇల్లు టౌనుకు చాలా దూరం, ఎడారిలో. ఫోను యజమాని దగ్గరే ఉంటుంది.

"ఈ పని సంగతి ముందే చెప్పలేదేంటండీ అంటే, సైటులో నువ్వే సమ్మతమే అని నొక్కేవు కదమ్మా అంటున్నారండీ. పాస్‌పోర్టు అక్కడే ఉండిపోయింది" అంది మంగతాయారు. మళ్ళీ తనే, "మీరు చేసిన సైటే కదండీ, మీకు తెలుస్తదని వచ్చేం" అంది. నిందగా అనలేదు. నమ్మకంగా అంది.

సుబ్బరాజుగారు తన గదిలోంచి అంతా విన్నారు. సెలవు పెట్టక్కర్లేదని, వెళ్ళమని నాకు చేత్తో సైగ చేశారు. ముగ్గురం రాజోలు బస్సెక్కాం.

వీరభద్రంగారు ఎప్పటిలాగే లేచి నిలబడి చేతులు జోడించారు. కుర్చీలు వేయించారు, టీ తెప్పించారు. మంగతాయారు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తల వంచుకుని కూర్చుంది.

"అమ్మా, నీకోసం ఎంతమందిని బతిమాలితే ఈ వీసా వచ్చిందో తెలుసా? ఇప్పుడు కాదంటే అక్కడ నా మాట పోద్ది. నా మాట నిలబెట్టమ్మా" అని ఆయన మళ్ళీ చేతులు జోడించారు. అచ్చం ఆ ఫొటోలో ఉన్నట్టే.

మంగతాయారు పెదాలు కదిలాయి. ఆమె నోట్లోంచి "ఆయ్" వచ్చేస్తుందని నాకు తెలిసిపోయింది. నేను మాట్లాడబోయాను. అప్పాయమ్మ నాకంటే ముందు నోరు తెరిచింది.

"బాబూ, దణ్ణం పెడతన్నావా ఏంటి? మాటలు ఆగిపోయేయి."

"ఆయ్... మామ్మగారూ."

"నాకు కానరాదులే నాయనా. చేతులు దింపి నోటితో చెప్పు. పని ఏంటి?"

ఆయన చెప్పారు. ఊరు అడిగింది, చెప్పారు. ఫోను అడిగింది. ఆయన కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తన షరతులు తనే మొదటిసారి పైకి చదివారు. గొంతు పోనుపోను తగ్గింది. ఫోను దగ్గరికి వచ్చేసరికి దాదాపు వినపడలేదు.

"గట్టిగా బాబూ. నాకు ఉన్నవి చెవులే."

"ఫోను యజమాని దగ్గర ఉంచాలండీ" అని చదివారు.

"పిల్లతో మాట్లాడాలంటే?"

"అది... వాళ్ళ ఇష్టం మీద ఉంటదండీ."

"అయితే వద్దు నాయనా" అంది అప్పాయమ్మ. మార్కెట్లో వంకాయలు వద్దన్నంత మామూలుగా.

"మీరు కాదు మామ్మగారూ, వెళ్ళే మనిషి చెప్పాలి కదా" అన్నారాయన. మాట న్యాయమైనదే. అందరం మంగతాయారు వైపు చూశాం. ఆమె టీ తాగడం పూర్తి చేసింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంది, విప్పింది. నా పెన్ను మూత ఎన్నిసార్లు తీసి పెట్టానో నాకే తెలియదు.

"వెళ్ళనండి" అంది.

ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. అన్నాక కూడా ఆమె తప్పు చేసినదానిలాగే కూర్చుంది. వీరభద్రంగారు కాగితం మడిచి పక్కన పెట్టారు. ఏదో అనబోయి, ఆమె మొహం చూసి మానేశారు. సొరుగు తీసి పాస్‌పోర్టు ఇచ్చారు. "ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు. నిజంగానే అన్నారు, ఎత్తిపొడుపు కాదు. ముందు ఎక్కడ చెప్పాలో ఆయనకు ఈ రోజుకీ తెలియదనే నా నమ్మకం.

కొత్తగా వచ్చేవాళ్ళకి

ఆ గదిలో మంగతాయారుకి దొరికినవి మళ్ళీ మళ్ళీ తలుచుకుంటాను. షరతు పైకి చదివి వినిపించారు. అర్థం కానిది అడిగే మనిషి పక్కన ఉంది. టీ తాగేంత సమయం ఇచ్చారు. కాదు అంటే ఎవరూ కేకలు వెయ్యలేదు. అంత జరిగితే గాని ఒక్క చిన్న మాట బయటికి రాలేదు. ఫోను ముందు ఒంటరిగా కూర్చున్న మనిషికి ఇందులో ఎన్ని ఇస్తున్నామో చూసుకోండి. మిగతా నైపుణ్యమంతా ఆ తర్వాతే.

మన వాళ్ళ మర్యాదను మీ లాభానికి వాడుకోవద్దు. అది తేలిక, అందుకే అందరూ చేస్తారు. మనిషి ఒప్పుకున్నాడని చెప్పడానికి నొక్కిన బటన్ సాక్ష్యం కాదు. కాదనడం కూడా అంతే సులువుగా ఉందా అన్నదే నేను చూసేది. చూపులేనివాళ్ళకు, వినపడనివాళ్ళకు, అక్షరం నెమ్మదిగా చదివేవాళ్ళకు చేసేది ఉపకారం అనుకోకండి. వాళ్ళు బయట ఉండిపోతే ఆ ఇంటి ఆలోచనలో ఒక భాగం బయట ఉండిపోతుంది.

నేను గెలిచానని అనుకోకండి. ఒక్క మనిషి తప్పించుకుంది, అదీ ఆమె అత్తగారి పుణ్యాన. ఆ సైటు అలాగే ఉండిపోయింది. తర్వాత ఎంతమంది ఆ ఫొటోకి మొహమాటపడి ఆకుపచ్చది నొక్కారో నాకు తెలియదు, తెలుసుకునే దారి లేదు. నా వల్ల అయిందల్లా ఆ పేజీ అడుగునుంచి మా ఆఫీసు పేరు తీయించడం.

"మన పేరు తీసేస్తే సరిపోద్దాండీ?" అని సుబ్బరాజుగారు అడిగారు.

"సరిపోదండీ" అన్నాను. ఆ తర్వాత నుంచి మేం కట్టే ప్రతి సైటుకూ, మాకు చెప్పకుండా ప్రశ్నలూ షరతులూ మార్చకూడదని ఒప్పందంలో రాయించారాయన. ఆ మాట చూసి కొందరు క్లయింట్లు లేచి వెళ్ళిపోయారు. ఆయన తలనొప్పి మాత్ర వేసుకుని, వెళ్ళనిచ్చారు. నేను చూసిన యజమానుల్లో అంత కష్టపడి ధైర్యం చేసిన మనిషి ఇంకొకరు లేరు.

పేరుపేరునా

వెబ్‌సైట్ల పుస్తకం అడిగితే ఇళ్ళ పుస్తకం ఇచ్చిన విశాలాక్షిగారికి నమస్కారం. తువ్వాలు కింద ఏమీ కనపడకపోయినా బొండం కొట్టి ఇచ్చిన వెంకన్నగారికి, నా గీతలన్నీ ఓపిగ్గా కోడ్‌గా మార్చి, మార్చిందే మళ్ళీ మార్చిన ప్రసాద్‌కి, ఆఫీసు తలుపు తీసి, మూసి, నా టీ చల్లారకుండా చూసిన నూకరాజుకి కృతజ్ఞతలు. సుబ్బరాజుగారికి ఏం చెప్పినా తక్కువే. అప్పాయమ్మగారు ఇప్పుడు లేరు. ఆవిడ నవ్వు నాకు ఇంకా వినపడుతుంది. వీరభద్రంగారికి కూడా చెప్పాలి. తన కాగితం తను పైకి చదవడానికి ఒప్పుకున్నందుకు.

ఇక మంగతాయారు. ఆమె తర్వాత తోటికోడలు చూసిపెట్టిన ఇంట్లో వంటకు వెళ్ళింది, టౌన్లోనే, ఫోను చేతిలోనే. తిరిగి వచ్చి ఇప్పుడు ఊళ్ళోనే ఉంటోంది. ఇది అచ్చుకు ఇచ్చేముందు వెళ్ళి, మొత్తం పైకి చదివి వినిపించి, నీ పేరు వెయ్యనా అని అడిగాను.

"ఆయ్, వేసుకోండి" అంది వెంటనే.

నేను కాగితాలు పక్కన పెట్టి కూర్చున్నాను. ఆమె పాప సంగతులు, వాన సంగతులు చెప్పింది. చాలాసేపయ్యాక, "వెయ్యకపోయినా నేనేం అనుకోను. నీకెలా ఉంటే బాగుంటుందో చెప్పు" అన్నాను.

ఆమె గుమ్మం వైపు చూసింది. "అలాగైతే వేరే పేరు పెట్టండి మేడమ్‌గారూ" అంది.

పెట్టాను.